రొయ్యల పాఠం

మాస్టారు పోయారని తెలిసిన రోజు మా కాలేజీ పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో అందరూ రొయ్యల పాఠం గురించే రాశారు. "మైక్రోకంట్రోలర్లు మర్చిపోయాం గానీ సార్, మీ రొయ్యల్ని మర్చిపోలేదు" అని ఒకడు. "తప్పు చేస్తే ఒప్పుకోవాలని మీ దగ్గరే నేర్చుకున్నాం" అని ఇంకొకామె. నేను స్టాఫ్ రూములో, ఒకప్పుడు ఆయన కూర్చున్న బల్లకి ఎదురుగా కూర్చుని అవన్నీ చదివాను. ఏడుస్తూనే కొంచెం గర్వంగా కూడా చదివాను. ఎందుకంటే ఆ రొయ్యలు మా చెరువువి. ఆయన చేతిలో చెరువు పోగొట్టుకుని, ఒక్క మాట అనకుండా క్షమించేసిన రైతు మా నాన్న.

ఆ గర్వం ఎక్కువ రోజులు నిలవలేదు. ఇప్పుడు ఆ గ్రూపు తెరిస్తే తల కొట్టేసినట్టు ఉంటోంది. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ మనిషి ఎలాంటివారో చెప్పాలి.

రామచంద్రపురం దగ్గర మా ఇంజనీరింగ్ కాలేజీలో ఆయన ఎలక్ట్రానిక్స్ చెప్పేవారు. నేను ఆయన దగ్గరే చదువుకుని, తర్వాత అక్కడే ఆయనతో కలిసి పనిచేశాను. పొడుగు మనిషి. మెడ వరకూ బొత్తాలు పెట్టుకునేవారు. జేబులో పెన్ను పక్కన ఎప్పుడూ టెస్టరు ఉండేది. ఆదివారం చర్చికి వెళ్లినా బైబిలు ఒక చేతిలో, టెస్టరు జేబులో. "ప్రార్థనలో ఫ్యూజు పోతే ఎవరు చూస్తారే?" అనేవారు. నిజానికి చర్చిలో ఫ్యూజు పోతే చూడ్డానికి వేరే మనిషి ఉన్నాడు. అతనికి ఈయనంటే ఒళ్లుమంట.

ఎవరింటికైనా వెళ్తే కాలింగ్ బెల్ ఒక్కసారే, గట్టిగా నొక్కి, ఠక్కున తీసేసేవారు. స్విచ్చి మీద చెయ్యి ఆడిస్తే ఆయనకి కోపం. "మీరు ఒకసారి నొక్కాననుకుంటారు. లోపల ఇత్తడి రేకు ఎగిరెగిరి పడి, బోర్డుకి నాలుగైదుసార్లు నొక్కినట్టు వినబడుద్ది. కౌంటరుకి మీ ఉద్దేశాలు తెలీవండి, దానికి అందింది అది లెక్కపెడుద్ది," అని గుమ్మంలోనే పాఠం మొదలుపెట్టేవారు. తలుపు తీసిన ఇల్లాలు నీళ్లివ్వాలో, నోట్సు రాసుకోవాలో తెలియక నిలబడిపోయేది. వెనకాల నేను చెప్పులు విప్పుకుంటూ ఆవిడ కళ్లలోకి చూడకుండా తప్పించుకునేదాన్ని.

పెళ్లి భోజనాల్లో ఆయన పక్కన కూర్చోవడం ఇంకో పరీక్ష. వడ్డించేవాళ్లని ఆయన రెండు రకాలుగా విడదీశారు. గరిటెడు పప్పు వేసి మళ్లీ ఆ పంక్తి వైపు రానివాడు వన్‌షాట్. విస్తట్లో ఖాళీ కనబడగానే అడక్కుండా వచ్చి వేసేవాడు రీలోడ్. మా వైపు వడ్డనల సంగతి తెలిసిందేగా, వద్దని చెయ్యి అడ్డం పెట్టినా చేతి మీదే వేసేసి పోతారు. అలాంటివాడు కనబడితే ఆయనకి పండగే. "ఈయన రీలోడండి! ఈయన్ని వదులుకోకండి!" అని పంక్తి చివరిదాకా వినబడేలా అరిచేవారు. పెళ్లివారు నా వైపు చూసేవారు, ఈయన మీ తాలూకానా అన్నట్టు. నేను అప్పడం నలుపుకుంటూ తల దించుకునేదాన్ని.

క్లాసులో మాత్రం ఆయన్ని చూసి ఎవరూ తల దించుకోలేదు. టైమరు పాఠం రోజున ఒక విద్యార్థిని లేపి, ఒకే లయలో చప్పట్లు కొట్టమనేవారు. అదే క్లాకు. ఒక్కో చప్పుడుకీ ఆయన ఒక్కో వేలు ముడిచేవారు. వేళ్లన్నీ అయిపోయి పిడికిలి బిగుసుకోగానే "అయ్యింది!" అని బల్ల మీద గుద్దేవారు.

"ఇదండీ టైమరు. ఇచ్చిన సంఖ్య దగ్గర్నుంచి కిందికి లెక్కపెట్టుకుంటూ వస్తుంది. సున్నా అయ్యాక గంట కొడుతుంది. అసలు ప్రశ్న ఏంటంటే, ఆ తర్వాత ఏంటి?"

ఆ తర్వాత పిడికిలి అలాగే ఉంచి కిటికీలోంచి కొబ్బరిచెట్లు చూస్తూ నిలబడేవారు. చప్పట్లు కొట్టేవాడు ఆపాలో వద్దో తెలియక కొడుతూనే ఉండేవాడు. క్లాసంతా నవ్వులు.

"చూశారా, వాడు కొడుతూనే ఉన్నాడు. నాకు పట్టలేదు. నా పని అయిపోయింది. నేను వన్‌షాట్." మళ్లీ మొదలుపెట్టి, ఈసారి పిడికిలి బిగుసుకోగానే వేళ్లన్నీ టపీమని విప్పేసేవారు. "ఇది రీలోడ్. మొదట ఇచ్చిన సంఖ్య పక్కనే ఒక గదిలో దాచి ఉంటుంది. సున్నా అవగానే ఎవరూ చెప్పక్కర్లేకుండా ఆ సంఖ్యని తనే మళ్లీ తెచ్చుకుంటుంది. మళ్లీ లెక్క. మళ్లీ గంట. మీరు నిద్రపోయినా సరే. ఈ రెంటికీ తేడా ఎంతండీ? ఒక్క బిట్టు. అది ఒకటైతే మళ్లీ మొదలు. సున్నా అయితే అంతటితో సరి."

ఈవెంట్ కౌంటరు చెప్పడానికి మమ్మల్ని కాలేజీ గేటు దగ్గరికి నడిపించుకు వెళ్లేవారు. "ఇప్పుడు చప్పట్లు లేవు. గేటులోంచి ఎవరన్నా లోపలికొస్తేనే వేలు ముడుస్తాను," అని ఎండలో చెయ్యి చాపి నిలబడేవారు. అరటిగెలల వ్యాను రోడ్డు మీద పోయేది. లోపలికి రాలేదు కాబట్టి లెక్కలోకి రాదు. ఎంతసేపటికీ ఎవరూ రాకపోతే వాచ్‌మన్ జాలిపడి తనే బయటికి వెళ్లి లోపలికి రావడం మొదలుపెట్టేవాడు. ఆయన పరమానందంగా ఒక్కో వేలూ ముడుచుకునేవారు.

"పనిముట్టు ఒకటేనండి. లోపలి గడియారాన్ని లెక్కపెడితే టైమరు. బయట జరిగేదాన్ని లెక్కపెడితే కౌంటరు. టైమరుకి కాలం తెలుస్తుంది గానీ పని జరిగిందో లేదో తెలీదు. కౌంటరుకి పని తెలుస్తుంది గానీ ఎంతసేపు పట్టిందో తెలీదు. ఒక్కదాన్నే నమ్ముకుంటే కొంప మునుగుద్ది. ఎలా మునిగిందో రేపు చెప్తాను."

ఆ రేపటిదే రొయ్యల పాఠం.

నేను పదో తరగతిలో ఉండగా, ఆయన దగ్గర ప్రాజెక్టు చేస్తున్న విద్యార్థులు రొయ్యల చెరువులో ఏరియేటర్లు నడపడానికి ఒక బోర్డు తయారు చేశారు. ఏరియేటర్లంటే చెరువులో నీళ్లని చిమ్మే చక్రాలు. అవి తిరిగితేనే నీళ్లలోకి గాలి చేరుతుంది. తెల్లవారుజాముకి ముందు అవి ఆగిపోతే రొయ్యలు గాలాడక గట్టుకి కొట్టుకొచ్చి చచ్చిపోతాయి. చక్రాలు కొంతసేపు తిరిగి, కొంతసేపు ఆగి, మళ్లీ తిరిగేలా ఆ బోర్డు చూసుకుంటుంది. అలాంటిదాన్ని చెరువు మీద పెట్టనిచ్చే రైతు కోసం ఆయన ఊళ్లు తిరుగుతుంటే మా నాన్న సరేనన్నాడు. బోర్డు పెట్టిన వారంలోనే చెరువు మొత్తం పోయింది.

జరిగింది ఏమిటో ఆయన నల్లబల్ల మీద గీసి చెప్పేవారు. రాత్రి కరెంటు పోయింది. రైతు జనరేటరు వేశాడు. జనరేటరు కరెంటు రాగానే బోర్డు మళ్లీ మొదటి నుంచి లేచింది. అలా లేచినప్పుడు నడిచే భాగంలో ప్రోగ్రాము రాసింది విద్యార్థి కాదు, మాస్టారే. ఆయన అందులో ఆ ఒక్క బిట్టు ఒకటి చెయ్యడం మర్చిపోయారు. టైమరు రీలోడ్ కాస్తా వన్‌షాట్ అయి కూర్చుంది. చక్రాలు ఒక్క విడత తిరిగి ఆగిపోయాయి. బోర్డుని నమ్ముకుని రైతు పడుకున్నాడు.

"ఆ చక్రానికి ఒక కౌంటరు పెట్టి, తిరుగుతోందా లేదా అని లెక్క చూసుకున్నా సరిపోయేది. నేను పెట్టలేదు. బిట్టు మర్చిపోయింది నేను, కౌంటరు వద్దనుకుంది నేను. పోయింది ఆయన చెరువు," అని సుద్దముక్క బల్ల మీద పెట్టేసేవారు. తర్వాత గొంతు మార్చి, "ఆ రైతు నన్ను ఒక్క మాట అన్లేదండి. 'పోన్లెండి మాస్టారూ' అన్నారు. అంతే. ఆ ఏడాది నుంచి పట్టుబడి అయి, చెరువులో రొయ్యలు తీసినప్పుడల్లా మా ఇంటికి కొన్ని పంపిస్తారు. అలాంటి మనుషులు కూడా ఉంటారు," అనేవారు.

ఆయన మాత్రం రొయ్య ముట్టడం మానేశారు. మా వైపు పుట్టి పెరిగిన మనిషి రొయ్యలు మానెయ్యడమంటే ఏమిటో మా వైపువాళ్లకే తెలుస్తుంది.

నేను ఆ కాలేజీలో చేరిన ఏడాది, పాఠం రోజు పొద్దున్నే ఆయన వరండాలో నా కోసం నిలబడి ఉన్నారు.

"అమ్మా, ఇవాళ ఆ పాఠం చెప్పాలి. నువ్వుంటే నాకు మొహం చెల్లట్లేదు. నీకు ఇష్టం లేకపోతే చెప్పు, ఈ ఏడాదికి వదిలేస్తాను."

"ఫర్వాలేదు సార్, చెప్పండి."

"మీ నాన్నగారు ఏమన్నా అనుకుంటారేమో?"

"ఏమీ అనుకోరు సార్."

ఆయన చెప్పారు. రైతు పేరు చెప్పలేదు గానీ, చెబుతున్నంతసేపూ నా వైపు తిరిగి రెండు చేతులూ కట్టుకునే నిలబడ్డారు. క్లాసు మొత్తానికి అర్థమైపోయింది. ఆ రోజు నుంచి నేను అందరిలాంటి పిల్లని కాదు. అంత పెద్ద మనసున్న రైతు కూతుర్ని. క్యాంటీనులో చోటిచ్చేవారు. లెక్చరర్లు నా పేరు గుర్తుపెట్టుకునేవారు. చదువైపోయాక అదే కాలేజీలో ఉద్యోగానికి వెళ్తే, ఇంటర్వ్యూలో మాస్టారు, "ఈ అమ్మాయి గురించి నన్ను అడక్కండి, నేను సరిగ్గా చెప్పలేను, ఆ కుటుంబానికి నేను రుణపడ్డాను," అని లేచి బయటికి వెళ్లిపోయారు. ఆ బయటికి వెళ్లిపోవడమే నాకు ఉద్యోగం ఇప్పించింది.

ఉద్యోగంలో చేరాక నాకు ఆయన చాదస్తం మీద విసుగు పుట్టింది. ఒకసారి కాలేజీ తనిఖీకి పెద్దలు వస్తున్నారని ప్రిన్సిపాల్‌గారు ముందే పిలిచి, "మాస్టారూ, ఆ రొయ్యల సంగతి వాళ్ల ముందు ఎత్తకండి. డిపార్ట్‌మెంటు పెద్దగా మీ పేరే రాశాను," అన్నారు. మాస్టారు బుద్ధిగా తలూపారు. వచ్చినాయన ల్యాబులో ఊరికే మర్యాదకి, "మీ ప్రాజెక్టులు ఏమైనా రైతులకి ఉపయోగపడ్డాయా?" అని అడిగాడు. మాస్టారు ప్రిన్సిపాల్‌గారి వైపు చూశారు. తర్వాత ఊపిరి పీల్చుకుని, "ఒక చెరువుని చంపేశామండి," అని మొత్తం చెప్పేశారు. పక్కన నిలబడ్డ నాకు ఆ టైల్సు చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. డిపార్ట్‌మెంటు పెద్దగా వేరే ఆయన వచ్చాడు.

ఇంకో బోర్డు ఆయన చెయ్యలేదు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి మనుషులు వచ్చేవారు. ఒక రైస్ మిల్లాయన బస్తాలు లెక్కపెట్టే యంత్రం చేసిపెట్టమని ఎన్నిసార్లు తిరిగాడో. "ఊరికే బస్తాలేగదండి, పోతే ఏం పోద్ది?" అని బతిమాలాడు. "నా చేతి పని మీద ఎవరి నోటికాడ కూడూ ఆధారపడకూడదండి," అని మాస్టారు కాఫీ ఇచ్చి పంపించేశారు. ఆ కౌంటరు గురించే తర్వాత చాలాసేపు నాకు చెప్పారు. బెల్టు ఎక్కడ పెట్టాలి, బస్తా అంచు రెండుసార్లు లెక్కలోకి రాకుండా ఏం చెయ్యాలి, ఎలకల సంగతేంటి. చెబుతుంటే వేళ్లు వాటంతటవే ముడుచుకుంటున్నాయి. చెయ్యడం ఆయనకి ఎంత ఇష్టమో అప్పుడు చూశాను. చూసి, చాదస్తం అనుకున్నాను.

పట్టుబడి అయిన మర్నాడు ఐసు పెట్టె మోసుకెళ్లేది నేనే. నాన్న గట్టు మీద కూర్చుని పెద్ద రొయ్యల్ని స్వయంగా ఏరి పెట్టేవాడు. ఇంకెవర్నీ ఏరనిచ్చేవాడు కాదు. మాస్టారు గుమ్మంలో నిలబడి రెండు చేతులతో అందుకుని, "ఎందుకమ్మా ఇంకా," అనేవారు. ఆ ఇంట్లో అవి ఆయన భార్య, పిల్లలు తినేవారు. ఆయన ఆ పూట చారన్నం.

రిటైరయ్యాక ఆ పాఠం నాకు ఇచ్చారు. నిజంగానే ఇచ్చారు, స్టాఫ్ రూములో నా చేతిలో సుద్దముక్క పెట్టి. "పేరు దాచకు. నా పేరు చెప్పు. పిల్లలకి పేరుంటేనే నమ్మకం," అన్నారు. నేను చెప్పాను. ప్రతి బ్యాచికీ చెప్పాను. ఆయన కంటే బాగా చెబుతానని కూడా పేరొచ్చింది. చివర్లో, "ఆ రైతు మా నాన్నే," అన్నప్పుడు క్లాసు గుసగుసలు ఆపేసి నా వైపు చూసేది. ఆ చూపు నాకు బాగా అలవాటైపోయింది.

మొన్న వానాకాలంలో ఆయన పోయారు. ఇంటివాళ్లని ఓదార్చడానికి పెట్టే ఆదరణ కూడికకి ఆయన చర్చి హాల్లో ఏర్పాట్లు చేశారు. పాత విద్యార్థులు నాకు ఫోను చేసి, మీ నాన్నగారు తప్పకుండా రావాలి, రెండు మాటలు చెప్పాలి, ఆయన చెబితేనే నిండుగా ఉంటుంది అన్నారు. నాన్న చెరువు గట్టు మీద మేత చల్లిస్తున్నాడు. వెళ్లి చెప్పాను.

"నేను రానే."

"అదేంటి నాన్నా? అంతమంది అడుగుతున్నారు. ఆయనకి నువ్వంటే ఎంత గౌరవం!"

"అందుకే రాను."

బెట్టు చేస్తున్నాడనుకుని కోప్పడ్డాను. పొగడ్తలంటే నీకు సిగ్గయితే మాత్రం, పోయినాయన కోసం ఒక్క గంట కూర్చోలేవా అన్నాను. నాన్న మేత చల్లేవాళ్లని అటు గట్టుకి పంపేసి, బస్తా మీద కూర్చున్నాడు. నన్ను కూర్చోమనలేదు.

"ఆ రాత్రి జనరేటరు వెయ్యలేదమ్మా," అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"జనరేటరు ఇక్కడ లేదు. మీ మావయ్య కూతురి ఓణీల ఫంక్షనుకి ఇచ్చాను. లైట్లకీ మైకుకీ కావాలన్నాడు. కొత్త బోర్డు ఉందిగా, ఒక్క రాత్రికి ఏం కాదులే అనుకుని అందరం అక్కడికే వెళ్లాం కదా. ఇక్కడ కరెంటు పోయింది. మళ్లీ తెల్లారగట్ల వచ్చింది. పక్క చెరువాయన చూశాడు, కరెంటు వచ్చేసరికే మన రొయ్యలు గట్టుకి కొట్టుకొచ్చి చచ్చిపోయున్నాయంట. నేను వచ్చేసరికి కరెంటుంది, చక్రాలు మాత్రం తిరగట్లేదు. మాస్టారికి ఫోను చేశాను. ఆయన పరిగెత్తుకొచ్చి, బోర్డు విప్పి, ఏదో చూసి, తల పట్టుకుని కూర్చున్నారు. 'కరెంటు పోయినప్పుడు జనరేటరు వేశారాండీ?' అని అడిగారు. 'వేశానండి' అన్నాను."

"ఎందుకన్నావు?"

"ఏమోనే. నోట్లోంచి వచ్చేసింది. లేదంటే మీ అమ్మ పుట్టింటోళ్ల మీదకి మాటొస్తది. చుట్టాల ముందు మీ మావయ్య పరువు పోద్ది. అయినా, చెరువు గాలికొదిలేసి ఫంక్షనుకి పోయాడంటే ఊళ్లో నన్నేమంటారు? తర్వాత రోజు చెప్దామనుకున్నాను. ఆయనొచ్చి నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చారు. 'పోన్లెండి మాస్టారూ' అన్నాను. ఇంక ఎలా చెప్పమంటావు?"

నాకు వెంటనే గుర్తొచ్చింది ఆ లైట్లు. మావయ్య ఇంటి ముందు పందిరి నిండా రంగు బల్బులు. నేను కొత్త పరికిణీ కట్టుకుని, ఊరంతా చీకట్లో ఉంటే మనింట్లోనే వెలుగని మురిసిపోయాను. ఆ వెలుగు మా చెరువు దగ్గర ఉండాల్సిన జనరేటరుది. ఆ రాత్రి నాన్న ఫంక్షను మధ్యలో చెరువుకి వెళ్లొచ్చాడనే ఇన్నేళ్లూ అనుకున్నాను.

ఆ తర్వాత గుర్తొచ్చింది నా ఉద్యోగం. ఎలక్ట్రానిక్స్ నేర్పే మనిషిని. కరెంటు లేనిచోట క్లాకు లేదు, క్లాకు లేనిచోట టైమరు లేదు. రీలోడ్ బిట్టు ఉన్నా ఆ రాత్రి ఏ చక్రమూ తిరిగేది కాదు. తప్పు ఆయన ప్రోగ్రాములో ఉన్నమాట నిజం. కానీ ఆ తప్పు నిద్ర లేచేసరికే రొయ్యలు చచ్చిపోయాయి. చక్రానికి కౌంటరు ఉండి ఉంటే, రాత్రంతా ఒక్క చుట్టూ తిరగలేదని అది చెప్పేది. బోర్డు లేచి వన్‌షాట్ అవడం తర్వాత సంగతని తేలిపోయేది. పెట్టలేదని ఆయన తనని తాను తిట్టుకున్న ఆ కౌంటరే ఆయన్ని బయట పడేసేది. దాని బదులు ఆయన మా నాన్న మాటని నమ్మారు.

సిగ్గుతో నాకు ఒళ్లు చచ్చిపోయినట్టయింది. నాన్న మీద కోపం కూడా సరిగ్గా రాలేదు. పేరు పెట్టి చెప్పమన్నారని, ఆయన పేరు పెట్టి, ఇంతమంది పిల్లల ముందు, ఇన్నేళ్లూ చెరువుని చంపింది ఆయనేనని చెప్పిన నోరు నాది. అలా చెప్పి గౌరవం తెచ్చుకున్నది నేను.

"నువ్వు వస్తున్నావు నాన్నా," అన్నాను. "వచ్చి అందరి ముందూ చెప్తున్నావు. నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను."

నాన్న ఒప్పుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. హాలు నిండిపోయింది. తెల్లచీరలో మాస్టారి భార్య ముందు వరసలో కూర్చున్నారు. ఆవిడ స్కూలు టీచరుగా చేసి రిటైరయ్యారు. మమ్మల్ని చూసి లేచొచ్చి నాన్నని తన వరసలోనే కూర్చోబెట్టారు. పాటలయ్యాయి. పాస్టరుగారు బైబిలు వాక్యం చెప్పడం అయ్యింది. ఒకరి తర్వాత ఒకరు లేచి రొయ్యల పాఠం చెప్పారు. చెప్పినవాళ్లందరూ నాన్న వైపు చెయ్యి చూపించారు. పాస్టరుగారు, "క్షమాపణ అంటే ఏంటో మనకి చూపించిన సోదరుడు ఇక్కడే ఉన్నారు," అని మైకు నాన్న చేతికిచ్చారు.

నాన్న నిలబడ్డాడు. "మాస్టారు," అన్నాడు. మళ్లీ, "మాస్టారు చాలా..." అని ఆగిపోయాడు. కళ్లలోంచి నీళ్లు కారిపోయాయి. వెనకాల ఎవరో "ఆమెన్" అన్నారు. ఆ వెంటనే హాలంతా అంది. పాస్టరుగారు నాన్న భుజం తట్టి మైకు తీసేసుకున్నారు. చెప్పలేకపోయిన మాటని కూడా అందరూ గొప్పతనం కిందే జమకట్టేశారు. నేను లేచి చెప్తానన్నాను కదా. లేవలేదు.

భోజనాలు మొదలయ్యాయి. నాన్న విస్తరి ముందు కూర్చోలేదు. హాలు వెనక వసారాలో మాస్టారి భార్య వచ్చినవాళ్లకి మంచినీళ్లు పురమాయిస్తున్నారు. నాన్న తిన్నగా ఆవిడ దగ్గరికి వెళ్లి చేతులు జోడించాడు. నేను వెనకే వెళ్లాను.

"అమ్మా, మీకొక మాట చెప్పాలండి."

"తర్వాత చెబుదురు గాని, ముందు భోంచెయ్యండి బాబుగారూ."

"తిన్నాక చెప్పలేనండి."

చెప్పాడు. గట్టు మీద నాకు చెప్పినట్టే, జనరేటరు దగ్గర్నుంచి మొదలుపెట్టి, దేన్నీ తగ్గించకుండా చెప్పాడు. మావయ్య పేరు కూడా చెప్పాడు. ఆవిడ చేతిలో గ్లాసు అలాగే పట్టుకుని విన్నారు. మధ్యలో ఒకసారి నా వైపు చూశారు, ఇది నిజమేనా అన్నట్టు. నేను తలూపాను.

"అయితే ఆయన బోర్డు వల్ల కాదాండీ?"

"కాదమ్మా. దాంట్లో తప్పుందంట గానీ, అప్పటికే అంతా అయిపోయింది. ఆ పాపం నాది. ఆయన మోశారు. నన్ను క్షమించండి."

నాన్న ఆవిడ కాళ్ల మీద పడబోయాడు. ఆవిడ రెండడుగులు వెనక్కి వేశారు. తిడతారనుకున్నాను. తిడితే బాగుండునని నిలబడ్డాను. ఆవిడ గ్లాసు కిటికీలో పెట్టి, చీర కొంగుతో చేతులు తుడుచుకున్నారు.

"మా ఇంట్లో రోజూ దీపాలు పెట్టే వేళకి కుటుంబ ప్రార్థన చేసుకుంటామండి," అన్నారు. ఆవిడ గొంతులో కోపం లేదు. "మా పిల్లల పేర్ల కంటే ముందు మీ పేరు చెప్పేవారు ఆయన. 'నా తప్పుని మోసిన ఆ మనిషిని దీవించు ప్రభువా, ఆయన చెరువుని కాపాడు' అని. జ్వరం వచ్చి మాట సరిగ్గా రానప్పుడు కూడా అదే. ఆయన పోయాక నేను మాన్లేదండి. నిన్న కూడా అవే మాటలు చెప్పాను."

ఆవిడ కిటికీలో పెట్టిన గ్లాసు మళ్లీ చేతిలోకి తీసుకున్నారు.

"ఇవాళ సాయంత్రం ఏమని చెప్పమంటారండి?"

అది దెప్పిపొడుపు కాదు. ఆవిడ నిజంగానే తెలియక అడిగారు. జవాబు కోసం మా ఇద్దరి మొహాల్లోకి మార్చి మార్చి చూస్తూ అక్కడే నిలబడ్డారు.